గుట్టకింది ఇండ్లు

సారక్క ఇంటి ఎనుకగోడ కూలిన నాడు ఇంట్ల ఆమె కోడలు మంజుల ఒక్కతే ఉన్నది. అన్నం తిని, చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుడుతున్నది. ఆరు నెలల కడుపు. గోడకు ఒరిగితె నడుముకు జర ఆసరా ఉంటదని రోజూ ఆ ఎనుకగోడకే ఒరిగి కూసుంటది. ఆ పగటీలి తునికాకు మీద చల్లుకునే నీళ్లు అయిపోతె, ముంత పట్టుకొని ముంగటి అర్రలకు లేచివచ్చింది. గుట్టమీద సైరను మోగింది. ఆ ఎంటనే పెద్ద సప్పుడు. కాళ్లకింద భూమి కదిలినట్టయింది. ఆమె తిరిగి చూసేవరకు గోడ లేదు. గోడ ఉండే జాగల దుమ్ము లేస్తున్నది, దుమ్ములకెల్లి గుట్ట కనవడుతున్నది. ఒక మట్టిపెల్ల దొర్లుకుంట వచ్చి ఆమె పాదం మీద పడ్డది.

సారక్క అప్పుడు ఊరవతల పత్తిచేన్ల కలుపు తీస్తున్నది. ఎవరో కేకేస్తె పని అక్కడనే ఇడిచిపెట్టి ఉరికొచ్చింది. వాడోళ్లు అప్పటికే మంజులను ఆటోల కూసుండబెట్టిన్రు. రుద్రంగికి తీసుకపోయి చూపిస్తె ఎముక ఇరగలేదన్నరు, వాపు తగ్గెదాక నడవొద్దన్నరు. కడుపుల బిడ్డ మంచిగనే ఉన్నదన్నరు. ఆ మాట ఇన్నంక సారక్క దవాఖాన మెట్లమీద కూసోని, కొంగు నోట్లె పెట్టుకొని ఏడ్చింది. ఏడ్చి, మొఖం కడుక్కొని, కోడలికి తినేటందుకు ఇడ్లీలు కొనుక్కొచ్చింది.

ఆమె కొడుకు ఆనంద్ ఆ టైంల గుట్టమీదనే ఉన్నడు. గ్రానైటు క్వారీల డ్రిల్లింగు మిషిను మీద పని ఆయనది. బండకు వరుసగ బొక్కలు ఏస్తడు. ఆ బొక్కలల్ల మందు నింపేటోళ్లు, పేల్చేటోళ్లు వేరే. పొద్దుమూకెటాల్లకు ఇంటికి వచ్చి, ఇంటి ఎనుక పడ్డ మట్టిదిబ్బ కాడ నిలవడ్డడు.

"కాళ్లు కడుక్కోపో. మంజుల మంచిగనే ఉన్నది" అన్నది సారక్క.

"అమ్మా, గా బొక్కలు నేనే ఏసిన" అన్నడు ఆనంద్. "పొద్దుగాల. ఊరి దిక్కు వరుస. నా చేతులతోనే ఏసిన."

సారక్క కొడుకు చెయ్యి పట్టుకొని ఇంట్లకు తీసుకపోయింది.

వాళ్ల ఊరు తుమ్మెదపల్లి. రుద్రంగి దాటినంక రోడ్డు ఇడిచి లోపలికి పోవాలె. ఊరు రోడ్డు దిక్కు ఉంటది, గుట్ట ఎనుక దిక్కు ఉంటది. ఊరికీ గుట్టకూ నడుమ ఉన్నయి గుట్టకింది ఇండ్లు. అక్కడోళ్లకు ఎన్నడూ భూముల్లేవు. ఒకరి పొలాలల్ల కైకిలి చేసుడు, బీడీలు చుట్టుడు, మిగిలిన బతుకంత గుట్టమీదనే. గుట్టమీద సీతాఫలం చెట్లు ఉండె. కార్తీకం దగ్గరవడితె ఆడోళ్లు పొద్దుపొడవకముందే పోయి, గంపల నిండ తెంపుకొచ్చి, బస్సెక్కి జగిత్యాల అంగట్ల అమ్ముకొచ్చేది. కట్టెలు అక్కడనే, మేకలకు మేత అక్కడనే. గుట్ట కాగితం మీద సర్కారుది అయినా, దానిమీద నడిచిన కాళ్లు మాత్రం వీళ్లయి.

సర్కారు లీజుకు ఇచ్చినంక గ్రానైటు కంపెనీ వచ్చింది. వచ్చిన కొత్తల ఊరి పెద్దమనుషులు కంపెనీని అడిగితె ఊరి ముంగట కమాను కట్టించిన్రు, పండుగలకు మైకుసెట్టు ఇప్పించిన్రు. గుట్టకింది వాడల మొగపిల్లలకు పని దొరికింది. అందుకే ఇండ్లకు పర్రెలు వచ్చినా, పెంకలు జారినా, ఎవరూ గట్టిగ అడగలేదు. అడిగితె పని పోతదని భయం. కంపెనీ ఏరిపారేసిన రాయి అంత గుట్టకింద దిబ్బలు దిబ్బలు పోసిన్రు. సీతాఫలం చెట్లకు పోయే బాట ఆ దిబ్బల కింద పడి మూసుకపోయింది. అదీ ఎవరూ అడగలేదు.

ఈ పారి మాత్రం అడిగిన్రు. తెల్లారి పొద్దుగాల గుట్టకింది ఆడోళ్లందరు మంచాలు తెచ్చి క్వారీ బాటకు అడ్డం ఏసుకొని కూసున్నరు. బండలెత్తుకొని కిందికి దిగిన లారీలు అక్కడనే ఆగిపోయినయి. ఎండ ఎక్కినంక కొత్త మేనేజరు జహీర్ మోటరుసైకిల్ మీద వచ్చిండు. ఆయనది కోరుట్ల. వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. ముప్పై ఏండ్లు దాటి ఉంటయి, మాట మెత్తగ ఉంటది.

"పెద్దమ్మా, జరిగింది తప్పే. మీ గోడ మేం కట్టిస్తం. మట్టిది కాదు, ఇటుకలతోని కట్టిస్తం" అన్నడు.

"కట్టియ్యి సారూ, మంచిదే" అన్నది సారక్క. "ఎల్లుండి మల్ల పేలుస్తవు గద. అప్పుడు పక్కింటోళ్ల గోడ కట్టిస్తవా? గట్ల ఎన్ని కట్టిస్తవ్?"

"పేలుస్తున్నది రూల్సు ప్రకారమే పెద్దమ్మా. దూరం కొలిచిన్రు, అదురు ఎంత వస్తదో మిషిను పెట్టి చూసిన్రు."

"మిషిను ఏం చెప్పిందో నాకు తెల్వది. పేల్చేటప్పుడు నువ్వేడ ఉంటవు?"

"అవుతల దిక్కు. ఆఫీసు కాడ."

సారక్క పక్కన కూసున్న గంగమ్మ నవ్వింది. జహీర్ తల దించుకున్నడు. తర్వాత అసలు మాట చెప్పిండు. నిన్ననే ఇంకొక వరుసకు మందు నింపి ఉన్నదట. చిన్న వరుసే. గని నింపిన మందును అట్లనే ఇడిచిపెడితె ప్రాణాలకే ముప్పు, తీసెటందుకు రాదు, పేల్చక తప్పది. అందరు బడి కాడికి పోతె, పగటీలి అది ఒక్కటి పేల్చి ఇగ పని ఆపుతమన్నడు.

ఆడోళ్లు కయ్యిమన్నరు. సారక్క చెయ్యెత్తి వాళ్లను ఆపింది.

"అందరు పోతరు సారూ. నేను పోను. నేను మా ఇంట్లనే ఉంట. నువ్వు సుత వచ్చి నాతోని కూసో. కూసున్నంక నువ్వేం చెప్పినా ఇంట."

జహీర్ గుట్ట దిక్కు చూసిండు. అక్కడ పనోళ్లు నిలవడి చూస్తున్నరు, వాళ్లల్ల ఆనంద్ ఉన్నడు. జహీర్ ఇంటి దిక్కు చూసిండు. "వస్త పెద్దమ్మా" అన్నడు.

పగటీలి మంజులను, ముసలోళ్లను, పిల్లలను బడికి పంపిన్రు. సారక్క ముంగటి అర్రల మంచం ఏసి చాయ పెట్టింది. ఎనుకగోడ జాగల తాడిపత్రి కట్టి ఉన్నది, గాలికి కొట్టుకుంటున్నది. జహీర్ పైకి చూసిండు. పెంకలు, పాత వాసాలు. చూసుడు ఆపి చాయ తీసుకున్నడు. మూలకు మంజుల చాట, కత్తెర కనవడ్డయి.

"మా అమ్మీ సుత బీడీలు చుట్టేది" అన్నడు. "మమ్ముల నలుగురిని బీడీలు చుట్టే పెంచింది. షంషున్నీసా అంటె మా గల్లీల అందరికి ఎరుకే. ఇప్పుడు చేతులు వంగుతలేవు, మానేసింది."

"ఇల్లు సొంతదేనా మీది?"

"సొంతదే. చిన్నది. పాతది."

అప్పుడు సైరను మోగింది. సారక్క కండ్లు మూసుకొని యేసయ్యను తలుసుకున్నది. సప్పుడు చెవులకు వినవడకముందే జహీర్ కాళ్లకు అదురు తెలిసింది. కింది నుంచి లేచి మంచం కోళ్ల మీదుగ ఒంట్లకు ఎక్కింది. వాసాలు కిర్రుమన్నయి. ఒక పెంక జారి వాకిట్ల పడి పగిలింది. పైనుంచి రాలిన మట్టి ఆయన చాయల పడ్డది. ఆయన ఒక చేత్తోని మంచం పట్టె గట్టిగ పట్టుకొని ఉన్నడు, సప్పుడు ఆగినంక గూడ ఇడిచిపెట్టలేదు.

"గిది చిన్న వరుసనా?" అన్నడు.

"చిన్నదని నువ్వే అంటివి" అన్నది సారక్క. కప్పు ఆయన చేతులకెల్లి తీసుకొని, మట్టి పారబోసి, కడిగి, మల్ల చాయ పోసి ఇచ్చింది. "తాగు కొడుకా. మొఖం తెల్లవడ్డది."

జహీర్ తాగిండు. "నేను మాలికును కాదు పెద్దమ్మా, నౌకరును. పోయి చెప్త. ఆయన ఏమంటడో నేను మాటియ్యలేను."

"నువ్వు చూసినవు. చూసింది చూసినట్టు చెప్పు. సాలు" అన్నది సారక్క.

కంపెనీ మాలికు చంద్రమౌళి జగిత్యాలల ఉంటడు. జహీర్ తెల్లారే పోయి ఆఫీసుల కలిసిండు. చంద్రమౌళికి అరవై ఏండ్లు ఉంటయి. చెడ్డమనిషి కాదు, గని ఊర్లతోని ఏగి ఏగి యాష్టకు వచ్చినోడు.

"ఊరికి ఏం తక్వ చేసినం జహీర్? కమాను అడిగితె కమాను కట్టించినం. అడిగినప్పుడల్లా ఇచ్చినం. ఇయ్యాల గోడ అంటరు, రేపు గుట్టే ఇడిచిపెట్టమంటరు. మిషిన్ల మీద బ్యాంకు బాకీ నేను ఎట్ల కట్టాలె?"

"కమాను ఊరి ముంగట ఉన్నది సార్. ఇండ్లు గుట్టకింద ఉన్నయి. మనం ఇచ్చింది తీసుకున్నోళ్లు వేరే, అదురు పట్టుకున్నోళ్లు వేరే."

"ఎన్నడన్న అడిగిన్రా వాళ్లు?"

"మనం ఎన్నడన్న పోయినమా సార్?" అన్నడు జహీర్. అని భయపడ్డడు. ఇంత మాట మాలికును ఆయన ఎన్నడూ అనలేదు. చంద్రమౌళి కోపానికి రాలేదు. లారీలు ఇంకా నిలవడే ఉన్నయా అని అడిగిండు. ఉన్నయని చెప్తె, కొంచెంసేపు కండ్లద్దాలు తుడుసుకొని, "రేపు వస్తనని చెప్పు" అన్నడు.

తెల్లారి బడి వరండల కూసున్నరు. ఊరి పెద్దమనుషులు ముందే వచ్చి కుర్చీలల్ల కూసున్నరు. గోడ కూలినోళ్లకు ఏదో ఒకటి ఇప్పించి మాట ముగిద్దమన్నది వాళ్ల ఆలోచన. చంద్రమౌళి సుత అదే అనుకొని వచ్చిండు. సర్పంచి రాధిక మాత్రం, "ముందు గుట్టకింది వాడోళ్లు మాట్లాడాలె. వాళ్ల సంగతే గద" అన్నది.

సారక్క నిలవడి మాట్లాడింది. మెల్లగనే మాట్లాడింది. "మాకు పైసలు ఒద్దు సారూ. పైసలు తీసుకుంటె మీరు పేలుస్తనే ఉంటరు, మేము తీసుకుంటనే ఉంటం, ఇండ్లు కూలుతనే ఉంటయి. క్వారీ బందు పెట్టుమని సుత అంటలేము. మా పిల్లలు అండ్లనే బతుకుతున్నరు. ఊరి దిక్కు మందు పెట్టుడు ఆపున్రి. మీరు పారేసిన రాయి మా బాటమీద పడ్డది, అది మాకు ఇయ్యున్రి, మేము ఏదన్న చేసుకుంటం. పాత గుంతల నీళ్లు నిండి ఉన్నయి. ఎండకాలం మేము ట్యాంకరు కోసం కొట్లాడుకుంటం, ఆ నీళ్లేమో ఊకెనే ఎండిపోతున్నయి."

"రాయి తీసుకపోండ్రమ్మా, నాకే జాగ కలిసొస్తది" అన్నడు చంద్రమౌళి. "నీళ్లు గూడ చూద్దం. మందు ఆపమంటె మాత్రం కష్టం. మందు లేకుంట వైరు మిషినుతోని కోయాలె. అది అవుతల దిక్కు ఒక్కటే ఉన్నది. ఇటు తెస్తె పని సగం కూడ నడవది."

అప్పటిదాక గోడకు నిలవడి ఉన్న ఆనంద్ ముంగటికి వచ్చిండు. ఆయనకు నలుగుట్ల మాట్లాడుడు రాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలుస్తలేదు.

"సార్, నా ఇంటి గోడ కూల్చిన బొక్కలు నేనే ఏసిన. ఆ గోడకే నా పెండ్లాం ఒరిగి కూసుంటది. నీళ్లకు లేచింది గాబట్టి బతికింది. ఇగ ఊరి దిక్కు నేను మిషిను పట్టను సార్. అవుతల దిక్కు ఎంత పని చెప్పినా చేస్త. తీసేస్తనంటె తీసేయున్రి."

ఎనుకనుంచి ఇంకో డ్రిల్లరు ప్రేమ్‌సాగర్ వచ్చి ఆనంద్ పక్కన నిలవడ్డడు. ఆయన ఎనుక ఇంకొందరు వచ్చిన్రు. ఎవరూ కేకలు పెట్టలేదు. నిలవడ్డరు, అంతే.

చంద్రమౌళి వాళ్ల మొఖాలు ఒక్కొక్కటి చూసిండు. "మీరు పని బందు పెడితె నేను మునుగుత. నేను బందు పెడితె మీరు మునుగుతరు" అన్నడు.

"అందుకే గద సారూ కూసున్నం" అన్నది సారక్క.

ఆ రోజు అన్నీ తెగలేదు. మల్ల కూసున్నరు, మల్ల కొట్లాడుకున్నరు. ఆఖరికి గ్రామసభల అందరి ముంగట మాట అయింది. ఊరి దిక్కు మందు పెట్టొద్దు, వైరు మిషినుతోని కోయాలె. అవుతల దిక్కు పేల్చినా పగటీలి ఒక్క టైముకే, ముందుగాల చెప్పి పేల్చాలె. వాడకు నీళ్ల పైపు కంపెనీ ఏపియ్యాలె. పారేసిన రాయి ఆడోళ్ల సంఘానిది. మందు పెట్టక తప్పదనుకుంటె వాడోళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటెనే పెట్టాలె. ఈ ఆఖరి మాట జహీర్ పెట్టించిండు.

మాట అయినంత అల్కగ పని కాలేదు. రాయి ఇచ్చిన్రు గని దానితోని ఏం చేయాలో ఎవరికి తెల్వది. చేన్ల చుట్టు పాతే కడీలు చేద్దమన్నది గంగమ్మ. అడవిపందులు మక్కచేన్లు తవ్విపోస్తున్నయని రైతులు ఎక్కడ చూసినా కంచెలు ఏస్తున్నరు. ఉలి పెట్టి కొడితె రాయి అడ్డంగ పగిలేది. ఆడోళ్ల చేతులు బొబ్బలెక్కినయి. మొదాలు చేసిన కడీలు పెగడపల్లి రైతు ఒకాయన తీసుకపోయి పాతుతుంటెనే ఇరిగినయి. ఆయన ట్రాక్టరుల ఏసుకొని తిరిగి తెచ్చి, రోడ్డు పక్కన దించి, ఒక్క మాట అనకుంట పోయిండు. తిట్టిపోయినా బాగుండు అనిపించింది సారక్కకు. కొందరు మానేసి మల్ల కైకిలికి పోయిన్రు.

జహీర్ ధర్మపురి దిక్కు నుంచి భూమయ్య అని ఒక ముసలాయనను పట్టుకొచ్చిండు. పుట్టినకాంచి రాయి కొట్టినోడు. ఆయన కొన్ని నెలలు వాడలనే ఉండి, ఒకరింట్ల ఒకపూట తిని, అందరికి పని నేర్పిండు. అందరికన్న మంజుల తొందరగ పట్టుకున్నది. అప్పటికి ఆమెకు బిడ్డ పుట్టింది. బిడ్డను నీడకు ఉయ్యాలల ఏసి, పక్కన కూసోని ఉలి పట్టేది. బీడీల కాడ వంగి వంగి నొచ్చిన నడుము రాయికాడ నొస్తలేదని అనేది, నిజమో అబద్ధమో.

నీళ్ల పైపు పడ్డది. నడుమ ఒకపారి మోటరు కాలిపోయింది, బాగుచేపిచ్చుడు ఎవరి పని అన్న కాడ మాట పడ్డది. ఊరోళ్లు కంపెనీ అన్నరు, కంపెనీ ఊరు అన్నది. సారక్క పోయి క్వారీ ఆఫీసుల కూసున్నది. లేవనే లేదు. ఆఖరికి మోటరు కంపెనీ చేపిచ్చింది, కరెంటు బిల్లు కట్టెటందుకు ఊరు ఒప్పుకున్నది.

గట్ల ఒక యేడు దాటింది. కడీలు నిలవడ్డయి. గుట్ట అవుతలి అంచున కంపెనీ రాయి పారేసిన దిబ్బ ఇంకొకటి ఉండె; కంపెనీని అడిగి, దాన్ని చదును చేసుకొని ఆడోళ్లు ఒక జాగ తయారు చేసుకున్నరు. కొమ్మలతోని పందిరి ఏసుకున్నరు, నీళ్లకుండలు పెట్టుకున్నరు, కొట్టిన కడీలు వరుసగ పేర్చుకున్నరు. కైకిలికి పోయినోళ్లు తిరిగొచ్చిన్రు.

అప్పుడు క్వారీకి కష్టం వచ్చింది. పెద్ద ఆర్డరు ఒకటి ఒప్పుకున్నరు, మచ్చలు తేలిన గోధుమ రంగు రాయి కావాలె. అవుతల దిక్కు తవ్వుతున్న కాడ మాత్రం రాయి పర్రెలు పర్రెలుగ వస్తున్నది. మంచి రాయి ఊరి దిక్కు ఉన్నది. వైరు మిషినుతోని అది కోసుకుంట కూసుంటె ఆర్డరు పోతది. ఆర్డరు పోతె క్వారీ కొన్ని నెలలు మూయవలసి వస్తదని చంద్రమౌళి చెప్పిండు. ఒక్క వారం ఊరి దిక్కు మందు పెడదమన్నడు.

జహీర్ పొద్దుగాల సారక్క ఇంటికి వచ్చిండు. కొత్త ఇటుకగోడకు సున్నం ఏస్తున్నది ఆమె. ఆయన మొఖం చూసి కుంచె పక్కకు పెట్టింది.

"పెద్దమ్మా, అడిగెటందుకు వచ్చిన. చెప్పెటందుకు కాదు. మీరు ఒద్దంటె పెట్టం."

"ఒద్దంటె ఏమైతది?"

ఏమైతదో దాచకుంట చెప్పిండు. సారక్కకు ఒద్దని నోటి దాక వచ్చింది. గని ఇన్నేండ్లల్ల గుట్టమీది నుంచి ఒక మనిషి దిగొచ్చి ఆమెను అడిగింది ఇదే మొదటిపారి. "పగటీలి చెప్తం" అన్నది.

పందిరి కింద అందరు కూడిన్రు. గంగమ్మ ఒప్పుకోలేదు. "ఇయ్యాల ఒక్క వారం అంటడు. వచ్చే యేడు ఇంకో వారం అంటడు. మల్ల మొదటికొస్తది" అన్నది. క్వారీ మూస్తె ఇంట్ల కూసోవాలె అన్నడు ఆనంద్, గని ఊరి దిక్కు మిషిను పట్టనన్న మాట మాత్రం మార్చలేదు.

మంజుల బిడ్డకు పాలిస్తున్నది. ఇస్తనే కింది రాయి దిక్కు చూసింది. "అత్తమ్మా, మనం కూసున్నది ఏం రాయి మీద?" అన్నది.

ఎవరికి అర్థం కాలేదు.

"కింద గా గోధుమ రాయే కనవడుతున్నది. గీ అంచు కాడ తవ్వలే గద వాళ్లు. దిబ్బ పోసిన్రు, మనకిచ్చిన్రు. మనం ఈడ కూసున్నమని ఇటు రాలేదు. ఇటు పేలిస్తె ఊరికి అదురు రాదు, అడివే ఉన్నది. మనమే లేచిపోతె?"

సారక్కకు ముందుగాల కోపమే వచ్చింది. ఈ జాగను వాళ్లు చేతులతోని చదును చేసిన్రు. ఒక్కొక్క రాయి మోసి పేర్చిన్రు. సొంత జాగ అన్నది ఆ వాడల ఎవరికీ ఎన్నడూ లేదు, ఇదొక్కటే అట్ల అనిపిచ్చేది. "మల్ల మనమే లేవాల్నా?" అన్నది. "గుట్టమీదికెల్లి లేపిన్రు, బాట మూసిన్రు, ఇప్పుడు ఈడికెల్లి మనంతట మనమే లేవాల్నా?"

"వాళ్లు లేపితె లేవొద్దు అత్తమ్మా. మనం అడిగింది ఇస్తె లేద్దం" అన్నది మంజుల.

సారక్క లేచి పందిరి అవుతలికి పోయి నిలవడ్డది. కొంచెంసేపటికి తిరిగొచ్చి, గంగమ్మ పక్కన కూసున్నది. ఏమేం అడగాలో ఇద్దరు మాట్లాడుకున్నరు.

తెల్లారి చంద్రమౌళి వచ్చిండు. సారక్క మాట ఇన్నంక జహీర్ దిక్కు చూసిండు. అంచుకాడి రాయి సంగతి వాళ్లకు తెల్వక కాదు. ఆడోళ్లకు ఇచ్చిన జాగను మల్ల అడుగుడు ఎట్లనని నోరు తెరవలేదు, అంతే.

"అయితె ఊకెనే కాదు సారూ" అన్నది సారక్క. "రోడ్డు పక్కన మాకు జాగ కావాలె, ట్రాక్టర్లు వచ్చెటట్టు. రేకుల షెడ్డు ఏపియ్యాలె. ఆ జాగ సంఘం పేరుమీద ఉండాలె, మల్ల ఎవరూ లేపకుంట. కడీలు మోసెటందుకు మీ టిప్పర్లు, మీ మనుషులు రావాలె. ఒక్క కడీ ఇరిగినా ఊకోము."

"రోడ్డు పక్క జాగ నా సొంతదమ్మా. పెట్రోలు బంకు కోసం కొనుక్కున్న."

"మాకు సుత ఇది సొంతదే సారూ" అన్నది సారక్క.

చంద్రమౌళి చానాసేపు పందిరిని, కడీల వరుసలను, ఉయ్యాలల పండుకున్న పిల్లను చూసుకుంట నిలవడ్డడు. "ఎనుక సగం రాసిస్త. రోడ్డు మీదికి బాట ఉంటది. సగమన్న నాకు ఉండనియ్యి" అన్నడు. సారక్క గంగమ్మను చూసింది. గంగమ్మ తలూపింది.

కడీలు మోసిన నాలుగైదు రోజులు వాడంత ఒక్కతీరుగ పనిచేసింది. క్వారీ పనోళ్లు ఎత్తితె ఆడోళ్లు పట్టిన్రు. జహీర్ చొక్క చేతులు మడిచి వాళ్లల్ల కలిసిండు. ఆయన ఒక చివర పట్టుకుంటె ఆనంద్ ఇంకో చివర పట్టుకున్నడు. పందిరి ఇప్పేటప్పుడు మాత్రం సారక్క అక్కడ లేదు, ఇంటికి పోయి పండుకున్నది. ఒంట్ల బాగలేదన్నది.

ఆర్డరు కొంత ఆలస్యమయింది గని పోలేదు. క్వారీ మూతవడలేదు. ఊరి దిక్కు ఇప్పటికీ వైరు మిషినే నడుస్తది, దాని కీచుమనే సప్పుడు పొద్దంత వినవడుతది. ఆ సప్పుడుకు కొత్తల నిద్ర పట్టలేదన్నరు, ఇప్పుడు అలవాటయింది. గుట్ట యేడాదికేడాది తగ్గుతనే ఉన్నది. అది సారక్కకు కనవడుతది. తగ్గకుంట ఉండాలంటె ఏం చేయాలో ఆమెకు తెల్వది, జహీర్‌కు సుత తెల్వది. ఒకనాడు అదే మాట ఆయనను అడిగింది.

"గుట్ట ఒడిసినంక మీరు పోతరు. మేమేడికి పోతం కొడుకా?"

"ఒడిసెటందుకు చానా ఏండ్లు ఉన్నది పెద్దమ్మా. అప్పటిదాంక గుంతలను ఏం చేయాలె, చెట్లు ఎక్కడ పెట్టాలె అన్నది ఇప్పటికెల్లే మాట్లాడుకోవాలె. వచ్చే గ్రామసభల పెట్టు. నేను సారుకు చెప్త" అన్నడు జహీర్.

"పెడ్త" అన్నది సారక్క.

ఆ వారమే ధర్మపురి దిక్కు రైతు ఒకాయన కడీల కోసం ట్రాక్టరు తీసుకొచ్చిండు. గోదారి ఒడ్డు చెలకట, ఇసుక నేల. ఎట్ల పాతితె నిలవడుతయో ఒకరు వచ్చి చూపియ్యాలె అన్నడు. మంజుల పోదామనుకున్నది గని పిల్లకు జ్వరం. సారక్క కొంగు బిగించుకొని, ట్రాక్టరు మీద డ్రైవరు పక్కకు ఎక్కి కూసున్నది. ఎనుక కడీలు కదలకుంట తాడు బిగించిన్రా లేదా అని ఒకపారి తిరిగి చూసుకున్నది.

"పోనీయ్యి అన్నా, నిమ్మళంగ" అన్నది.